డీజిలు పంపు పోతే పాపం ఎవరిది?

"బండి నాది, అప్పు నాది, తప్పు కూడా నాదేనంటున్నారు. మరి డీజిలు ఎవరిదండీ?"

విజయవాడ ఆటోనగర్‌లో ఒక పంపుల రిపేరు షాపు ముందు, గోనెపట్టా మీద విప్పి పరచిన సామాను పక్కన కూర్చున్న లారీ యజమాని మమ్మల్ని అడిగిన మాట ఇది. పల్నాటి నుంచి గుంటూరు యార్డుకు మిర్చి తోలే బండి అతనిది. తండ్రి పంచి ఇచ్చిన రెండెకరాల్లో ఒక ఎకరం అమ్మి, చాలనిది ఫైనాన్సులో తెచ్చి కొన్నాడు. యజమాని తనే, డ్రైవరు తనే. లోడుతో వస్తుండగా పికప్ పడిపోయింది. ముందు డాష్‌బోర్డు మీద లైటు వెలిగింది, తర్వాత ఇంజను ఆగింది, మళ్లీ అందుకోలేదు. బండిని లాక్కొచ్చి విప్పితే పంపులో ఇనప రజను కనిపించింది. ఆ రజను పంపుతో ఆగలేదు. రెయిలులోకి, నాజిళ్లలోకి, తిరుగు గొట్టం గుండా టాంకులోకి కూడా పోయింది. పంపు ఒక్కటీ మారిస్తే మిగిలిన రజను కొత్త పంపునూ తినేస్తుంది. అన్నీ మార్చాలి, టాంకు కడగాలి. మేస్త్రి వేసిన లెక్క లక్ష దాటింది.

వారంటీ వున్నది గదా అని కంపెనీ వర్క్‌షాపుకు పోతే "ఇది కల్తీ డీజిలు వల్ల వచ్చిన నష్టం, వారంటీ కిందికి రాదు" అన్నారు. బంకుకు పోతే "మా డీజిలు పరీక్ష చేసిందే, రోజుకు వంద బండ్లు పోయించుకుంటున్నాయి, నీదొక్కటే చెడిందా?" అన్నారు. ఫైనాన్సు వాళ్లు ఏమీ అడగలేదు. వాయిదా తేదీ మాత్రం గుర్తు చేశారు.

రైతు సమస్యల శీర్షికలో లారీ పంపు గొడవ ఏమిటని కొందరు పాఠకులకు తోచవచ్చు. నేడు మన పల్లెల్లో ఎద్దు స్థానంలోకి డీజిలు వచ్చింది. దమ్ము చేసేది ట్రాక్టరు, కోసేది మిషను, మోసేది లారీ. ఒకటి రెండు బండ్లున్న యజమానులలో ఎక్కువ మంది నిన్నటి రైతులే, చాలామంది నేటికీ సగం రైతులే. కోతల రోజుల్లో ఒక మిషను పంపు పోతే వూరి చేలు నాలుగు రోజులు ఆగుతాయి. లారీ కదలకపోతే ధాన్యం కళ్లంలోనో కొనుగోలు కేంద్రంలోనో పడి వుంటుంది. ఒక వాన పడిందంటే తేమ 17 శాతం దాటిందని ఆ ధాన్యాన్ని వెనక్కు నెడతారు, లేదా తరుగు తీస్తారు. ఒక పంపు రైతు గింజ దాకా ఇలా వస్తుంది.

పంపు ఏం చేస్తుంది?

డీజిలు ఇంజనుకు పెట్రోలు ఇంజనులా ప్లగ్గు వుండదు. గాలిని గట్టిగా నొక్కి వేడెక్కించి, ఆ వేడిలోకి డీజిలును మంచుతుంపరలా చిమ్మితే అది తనంతట తానే అంటుకుంటుంది. సరిగ్గా అవసరమైన క్షణాన, అవసరమైనంతే, ఎక్కువ ఒత్తిడితో చిమ్మాలి. ఆ ఒత్తిడి పుట్టించేది పంపు. పాత లారీల్లో, మన ఎక్కువ ట్రాక్టర్లలో, నాజిలు తెరుచుకునేది సుమారు 200 బార్ల దగ్గర. కొత్త కామన్ రెయిల్ బండ్లలో ఈ ఒత్తిడి 1,600 నుంచి 2,000 బార్ల దాకా, కొన్నిటిలో అంతకు పైన కూడా పోతుంది. లారీ టైరులో మనం కొట్టించే గాలి ఏడెనిమిది బార్లని గుర్తుంచుకుంటే ఇది ఎంతటిదో అర్థమవుతుంది.

ఇంత ఒత్తిడి నిలవాలంటే పంపులోని కడ్డీకీ, అది ఆడే గొట్టానికీ మధ్య సందు వుండకూడదు. మెకానిక్కులు ఎలిమెంట్ అని పిలిచే ఈ జతలో సందు రెండు మూడు మైక్రాన్లు మాత్రమే. తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. అంటే వెంట్రుకను ఇరవై అయిదు ముప్ఫై పొరలుగా చీలిస్తే ఒక పొర ఎంతో, అంత సందులో ఇనుము మీద ఇనుము నిమిషానికి వందల సార్లు ఆడుతుంది. అక్కడ గ్రీజు పెట్టే వీలు లేదు, ఇంజనాయిలు వెళ్లదు. ఆ రెండు ఇనుముల మధ్య పొరగా నిలిచేది డీజిలే. ఇంజనుకు తిండీ డీజిలే, పంపుకు నూనె కూడా డీజిలే.

పాతకాలపు వరస పంపులకు ఒక వెసులుబాటు వుండేది. వాటి క్యాం షాఫ్టు వేరే ఆయిల్లో తిరిగేది, డీజిలు మీద ఆధారపడేది ఎలిమెంట్లే. 1951లో బెంగుళూరులో మొదలైన మైకో కంపెనీ ఆ రకం పంపులను దేశమంతా నింపింది. ఈనాటికీ ఏ వూరి మేస్త్రి అయినా పంపును మైకో పంపు అనే అంటాడు. డీజిలులో కాస్త మురికి వున్నా, కాస్త కిరసనాయిలు కలిసినా అవి పొగ కక్కుతూ, మొరాయిస్తూ, ఏడాదో రెండేళ్లో లాగించేవి. చావు వచ్చినా మెల్లగా వచ్చేది. యజమానికి డబ్బు సర్దుకునే వ్యవధి దొరికేది. కొత్త కామన్ రెయిల్ పంపుల్లో చాలా రకాలకు ఆ వేరే ఆయిలు లేదు, మొత్తం డీజిలులోనే మునిగి తిరుగుతాయి. అవి మంచి డీజిలుతో లక్షల కిలోమీటర్లు నడుస్తాయి, చెడ్డ డీజిలుతో ఒక్క ప్రయాణంలో పోవచ్చు. 2023 జనవరి నుంచి 50 హెచ్.పి. దాటిన ట్రాక్టర్లకు కొత్త పొగ నిబంధనలు వచ్చాక ఈ రకం పంపులు పొలంలోకి కూడా దిగాయి.

నీళ్లు

ఆటోనగర్ మేస్త్రీలు నలుగురిని అడిగితే నలుగురూ మొదట చెప్పింది కల్తీ గురించి కాదు, నీళ్ల గురించి. "కల్తీ కంటే నీళ్లే ఎక్కువ బండ్లను పడుకోబెడతాయండీ" అన్నాడు అందులో పెద్దాయన.

నీళ్లు బంకులోంచే రానక్కర్లేదు. కొనుగోళ్ల రోజుల్లో రైసుమిల్లుల ముందు లారీల వరసలు చూడండి. దిగుమతి కోసం రెండు రోజులు, మూడు రోజులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. టాంకులో డీజిలు సగమో పావో వుంటుంది. మిగతాది గాలి. పగలు ఎండకు టాంకు కాగుతుంది, రాత్రి మంచుకు చల్లబడుతుంది. అన్నం గిన్నె మూత లోపల చెమ్మ పట్టినట్లే టాంకు రేకుకు లోపల చెమట పడుతుంది. ఆ బొట్లు జారి అడుగుకు చేరతాయి, ఎందుకంటే నీరు డీజిలు కంటే బరువు. డీజిలు లాగే గొట్టం మూతి కూడా అడుగునే వుంటుంది. మిల్లు దగ్గర దిగుమతి ఆలస్యానికి లారీ వాళ్లు వెయిటింగు చార్జీ అడుగుతారు, దక్కేది తక్కువ. ఆ నిరీక్షణ పంపును కూడా తింటుందన్న లెక్క ఎవరూ వేయడం లేదు.

నీరు పంపులోకి పోతే మూడు పనులు చేస్తుంది. నూనె పొరను తెంపి ఇనుమును ఇనుముకు రాపిడి చేస్తుంది. బండి ఆగి వున్నప్పుడు ఎలిమెంటుకు తుప్పు పట్టిస్తుంది. నాజిలు కొనకు చేరిన బొట్టు ఆ వేడికి ఒక్కసారిగా ఆవిరై కొనను చిట్లగొడుతుంది. నీరూ డీజిలూ కలిసే గీత దగ్గర నల్లని నాచులాంటి జిగురు పెరిగి ఫిల్టరును మూసేయడం మరొకటి. డీజిలులో బయోడీజిలు కలిసిన చోట ఈ బెడద ఇంకా ఎక్కువ, అది గాలిలోని చెమ్మను పీల్చుకుంటుంది గనుక.

వరదల తర్వాత ఇది ఏ స్థాయిలో వుంటుందో రెండేళ్లు వరసగా చూశాం. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో విజయవాడను బుడమేరు, ఖమ్మాన్ని మున్నేరు ముంచాయి. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటాక వరంగల్లు వరకు నీళ్లు నిలిచాయి. టాంకు మూత గుండా, గాలి గొట్టం గుండా వరద నీరు బురదతో సహా లోపలికి పోతుంది. నీళ్లు తీయగానే యజమాని చేసే మొదటి పని తాళం తిప్పి చూడడం. తన బండి బతికి వుందా లేదా అన్న ఆత్రం అది, తప్పు పట్టలేం. కాని పంపు చచ్చేది సరిగ్గా ఆ తాళం తిప్పిన క్షణాననే. మునిగిన బండిని స్టార్టు చేయకూడదు. బ్యాటరీ తీగ వూడదీసి, టాంకు పూర్తిగా దింపి, కడిగి, ఫిల్టర్లు మార్చి, గొట్టాల్లోని పాత డీజిలు వదిలించి, ఇంజనాయిలులో నీరు చేరిందేమో చూసి, అప్పుడు గాని తిప్పరాదు. ఇంత చిన్న సంగతి వరద సహాయ ప్రకటనలలో ఒక వాక్యంగా చేర్చవచ్చు. చేర్చినట్లు మేము చూడలేదు.

పలచబడిన డీజిలు

ఇక రెండోది. డీజిలులో గంధకం వుంటే పొగ విషమవుతుంది. అందుకని దశలవారీగా తగ్గించారు. భారత్ స్టేజి-3లో పది లక్షల పాళ్లకు 350 పాళ్లుండే గంధకం, 2017 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా స్టేజి-4తో 50కి, 2020 ఏప్రిల్ 1 నుంచి స్టేజి-6తో 10కి దిగింది. ఇది మంచిదే. రోడ్డు పక్క కూలివాని వూపిరితిత్తులకు, బళ్లకు పోయే పిల్లలకు మంచిది. ఈ మేలును కాదనే వారితో మాకు పొత్తు లేదు.

అయితే గంధకాన్ని తీసేయడానికి శుద్ధి కర్మాగారంలో డీజిలును హైడ్రోజన్‌తో వేడిచేస్తారు. ఆ పనిలో గంధకంతో పాటు డీజిలుకు సహజంగా వుండే జిడ్డు గుణాన్ని ఇచ్చే పదార్థాలు కూడా పోతాయి. ఇది ముందు తెలియక 1990ల మొదట్లో స్వీడన్ దెబ్బతిన్నది. 1991లో గంధకం బాగా తగ్గించిన డీజిలును అక్కడ ప్రవేశపెట్టాక, దాంతో నడిచిన బండ్లలో, ముఖ్యంగా డీజిలుతోనే జిడ్డు పొందే రకం పంపులు అరిగిపోయాయి. అప్పుడు గాని జిడ్డు పెంచే మందు కలపడం, ఆ జిడ్డును కొలిచే పరీక్ష పెట్టడం జరగలేదు. ఉక్కు గుండును డీజిలులో ముంచిన పలక మీద 60 డిగ్రీల వేడిలో 75 నిమిషాలు రుద్దుతారు. గుండుకు పడిన అరుగుడు మచ్చ 460 మైక్రాన్లు మించరాదు. మన భారత ప్రమాణం కూడా అదే. టన్ను డీజిలుకు వంద, రెండు వందల గ్రాముల మందుతో ఈ పని జరుగుతుంది. కర్మాగారం గేటు దాటినప్పుడు మన డీజిలు ఈ ప్రమాణానికి సరిపోతుంది. గొడవంతా గేటు దాటిన తర్వాతది.

ఆ మందు పాలు అంత కొద్దిది గనుక, ఏది కలిసినా పంపు కోల్పోయేది ఎక్కువ. వెనకటి రోజుల్లో కలిసేది చౌక కిరసనాయిలు. పేదవాని దీపానికి ఇచ్చిన సబ్సిడీ నూనెను టాంకర్లకు ఎత్తిన ముఠాలు ఎంతకు తెగించాయో దేశం చూసింది. 2005 నవంబరులో ఉత్తరప్రదేశ్ లఖింపూర్ ఖేరీలో కల్తీని పట్టుకున్న ఇండియన్ ఆయిల్ అధికారి మంజునాథ్‌ను కాల్చి చంపారు. 2011 జనవరి 25న మహారాష్ట్రలో మన్మాడ్ దగ్గర అదనపు కలెక్టరు యశ్వంత్ సోనావణేను పట్టపగలు తగలబెట్టారు. ఆ తర్వాత కిరసనాయిలు మీద సబ్సిడీ మెల్లమెల్లగా ఎత్తివేయడంతో దానిలోని లాభం పడిపోయింది. కల్తీ చేసేవాడు వేరే సరుకు వెతుక్కున్నాడు.

నేడు దాని పేరు బయోడీజిలు. అసలైన బయోడీజిలు చెడ్డది కాదు. గింజల నూనె నుంచో, వాడిన వంటనూనె నుంచో సరిగా తయారైనదైతే డీజిలు జిడ్డును అది పెంచుతుంది కూడా. 2018 జాతీయ జీవ ఇంధన విధానం 2030 నాటికి డీజిలులో 5 శాతం కలపాలని లక్ష్యం పెట్టింది. 2019లో కేంద్రం దాని అమ్మకానికి మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ నీడన, రహదారి పక్క షెడ్లలో, ఏదో పారిశ్రామిక నూనెకు బయోడీజిలు అని బోర్డు పెట్టి అమ్మడం మొదలైంది. గుజరాత్‌లో 2020, 2021 సంవత్సరాల్లో ఇది ఎంతగా ముదిరిందంటే అక్కడి ప్రభుత్వమే దాడులు జరిపించవలసి వచ్చింది. మన దారుల్లోనూ అలాంటి చోట్లు తెలుసునని డ్రైవర్లు మాతో చెప్పారు. ఎందుకు పోయించుకుంటారని అడిగితే, లీటరుకు మిగిలే నాలుగైదు రూపాయలే ఆ ట్రిప్పులో తమకు మిగిలేదన్నారు.

ఇక్కడ ధర మాట రాక తప్పదు. 2014 అక్టోబరులో డీజిలు ధర మీద ప్రభుత్వ అదుపు ఎత్తివేశారు. ఆ ఏడాది మొదట్లో లీటరుకు 3 రూపాయల 56 పైసలున్న కేంద్ర ఎక్సైజు సుంకం 2020 మే నాటికి 31 రూపాయల 83 పైసలకు చేరింది. 2021 నవంబరులో, 2022 మేలో తగ్గించాక కూడా 15 రూపాయల 80 పైసల దగ్గర నిలిచింది. దాని మీద రాష్ట్రాల వ్యాటు. కిరాయి మాత్రం యూనియను, బ్రోకరు, మిల్లరు మధ్య నలిగి అక్కడే వుంటుంది. డీజిలు అంత ప్రియమైనప్పుడు దొంగ డీజిలుకు గిరాకీ దానంతటదే పుడుతుంది. ఆ షెడ్డు దగ్గర ఆగిన డ్రైవరును తిట్టేవారు ఈ లెక్క కూడా చూడాలి.

యజమాని చేతిలో వున్నది

అలాగని తప్పంతా బయటివారి మీదికి నెట్టి కూర్చుంటే పంపు బతకదు. మేస్త్రీలు మా ముందు పెట్టిన ఫిల్టర్లను చూశాం. కొన్ని రెండు మూడు వారంటీ కాలాలు దాటి, నల్లగా కుళ్లి వున్నాయి. కొన్ని పైకి కంపెనీ డబ్బాలే, లోపల అట్టముక్క. మూడు నాలుగు వందలు కలిసొస్తాయని దొంగ ఫిల్టరు వేస్తే లక్ష రూపాయల పంపుకు కాపలా లేనట్లే. ట్రాక్టరు వుండే ఇళ్లలో తుప్పు పట్టిన డ్రమ్ములు, దుమ్ము కొట్టుకున్న గరాట్లు, మొన్న పురుగుమందు కలిపిన క్యాన్లు ఇంకా వాడుతున్నారు. రెండు మైక్రాన్ల సందులోకి ఆ ఇసుక రేణువు పోతే ఏమవుతుందో చెప్పనవసరం లేదు.

డీజిలు ఫిల్టరు కింద నీటి గిన్నె ఒకటి వుంటుంది. అడుగున మర. ఉదయం బండి కదిలించే ముందు, రాత్రంతా నీరు అడుగుకు దిగి వుంటుంది గనుక, ఆ మర వదులు చేసి స్వచ్ఛమైన డీజిలు వచ్చేదాకా ఒక గాజుసీసాలోకి వదలాలి. వానాకాలంలో రోజూ, తక్కిన రోజుల్లో వారానికి ఒకసారైనా. ఖర్చు లేదు, అయిదు నిమిషాల పని. కొత్త బండ్లలో నీరు చేరితే లైటు వెలుగుతుంది. ఆ లైటు వెలిగాక "వూరు చేరాక చూద్దాంలే" అనుకున్నవాళ్ల పంపులే ఎక్కువగా షాపుకు వస్తున్నాయని ఒక మేస్త్రి అన్నాడు.

రాత్రి బండి నిలిపేటప్పుడు టాంకు నిండుగా వుంచితే చెమటకు చోటుండదు. చేతిలో డబ్బు లేనివానికి ఇది చెప్పినంత సులువు కాదని మాకూ తెలుసు. కనీసం టాంకు ఎండేదాకా నడపడం మానాలి. పాత బండి ఎండిపోతే గాలి పట్టేది, చేతిపంపు కొట్టి గాలి తీస్తే పోయేది. కొత్త పంపు ఎండితే నూనె లేకుండా ఇనుము మీద ఇనుము తిరిగినట్లే. బంకులో టాంకరు అప్పుడే దింపుతుంటే అడుగు మడ్డి లేచి వుంటుంది, మరో బంకుకు పోవడమో, కొంతసేపు ఆగడమో మంచిది. పాత అలవాటు కొద్దీ డీజిలులో టూటీ ఆయిలు పోసేవారున్నారు. పాత వరస పంపుకు అది పెద్దగా చెరుపు చేయదేమో గాని, స్టేజి-6 బండిలో పొగ గొట్టంలోని ఫిల్టరును బూడిదతో పూడుస్తుంది. కంపెనీ వాడికి వారంటీ కాదనడానికి ఇంకొక సాకు కూడా దొరుకుతుంది.

బంకులో మనకున్న హక్కు ఒకటి చాలామందికి తెలియదు. డీజిలు సాంద్రత చూపించమని అడగవచ్చు. జాడీ, హైడ్రోమీటరు, థర్మామీటరు బంకులో వుండి తీరాలి, అందుకు డబ్బు తీసుకోరాదు. ఆ రోజు రాసిపెట్టిన సాంద్రతకూ పరీక్షలో వచ్చినదానికీ తేడా ఘనపు మీటరుకు 3 కిలోలు దాటితే అనుమానించాలి. కిరసనాయిలు తేలిక గనుక కలిస్తే సాంద్రత దిగుతుంది. అయితే దీనితో అన్నీ బయటపడవు. తెలివిగా కలిపిన నూనె సాంద్రతలో సరిపోయి జిడ్డులో తప్పవచ్చు. గుండును రుద్దే ఆ పరీక్ష బంకులో జరిగేది కాదు.

చేతిలో లేనిది

అసలు సమస్య ఇక్కడ మొదలవుతుంది. పంపు పోయాక తప్పు ఎవరిదో తేల్చేది డీజిలు నమూనా. ఆ నమూనా ఎవరి దగ్గర వుంటుంది? 2005 నాటి డీజిలు, పెట్రోలు అక్రమాల నిరోధక ఉత్తర్వు ప్రకారం అధికారులు డీజిలు నమూనాలు మూడు తీస్తారు. ఒకటి బంకు యజమానికి, ఒకటి కంపెనీకో శాఖకో, ఒకటి ప్రయోగశాలకు. ఆ డీజిలు పోయించుకుని నష్టపోయినవానికి ఒక్కటీ లేదు. పైగా అధికారి వచ్చేసరికి ఆ భూగర్భ టాంకులోని సరుకు ఎన్నిసార్లు మారి వుంటుందో! లారీవాడు తన టాంకులోంచి సీసాలో పట్టి తెస్తే "నువ్వేం కలిపావో" అంటారు. వర్క్‌షాపు మాత్రం కంటితో చూసి, వాసన చూసి, కల్తీ అని రాసేస్తుంది. ఆ రాతకు పరీక్ష అక్కర్లేదు!

కల్తీ అని చెప్పి వారంటీ నిరాకరించే కంపెనీ ఆ కల్తీని ప్రయోగశాల నివేదికతో నిరూపించాలి. ఆ ఖర్చు కంపెనీదే కావాలి. ఇది కోరరాని కోరిక కాదు. అమెరికాలో కూడా డీజిలు పంపుల మీద ఇలాంటి తగాదాలే ఏళ్ల తరబడి కోర్టులకెక్కాయి. అక్కడి డీజిలు జిడ్డు ప్రమాణం 520 మైక్రాన్లు, మనకంటే వదులు. చివరకు 2021 నవంబరులో 2019, 2020 మోడళ్ల రామ్ ట్రక్కులు రెండు లక్షలకు పైగా, పంపు చెడి నడుస్తూ ఆగిపోయే ప్రమాదం వుందని కంపెనీ వెనక్కి పిలిపించవలసి వచ్చింది. మన దేశంలోనూ 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 110-ఎ సెక్షను లోపమున్న బండ్లను వెనక్కి పిలిపించే అధికారాన్ని కేంద్రానికి ఇచ్చింది. లోడు లారీ రహదారి మధ్య ఆగిపోవడం వెనక వచ్చేవారి ప్రాణాల సంగతి గనుక, ఒకే రకం పంపులు వరసగా పోతున్న చోట లారీ యజమానుల సంఘాలు ఆ ఫిర్యాదులను పోగుచేసి ఈ సెక్షను కింద పంపాలి. ఒక్కొక్కరు ఒక్కొక్క షోరూం ముందు బతిమాలితే అది ఎప్పటికీ ఒక్క బండి గొడవగానే మిగులుతుంది.

కొత్తగా మరొక సంగతి వచ్చిపడింది. 2025 సెప్టెంబరులో కేంద్ర రవాణా మంత్రి గడ్కరీ డీజిలులో ఇథనాలు కలిపే ప్రయత్నం ఫలించలేదని, ఐసోబ్యూటనాలు కలపడంపై పరిశోధన జరుగుతున్నదని చెప్పారు. చెరకు, మొక్కజొన్న పండించే రైతుకు మార్కెట్టు అంటే మేము కాదనం. కాని ఇది కూడా ఒక ఆల్కహాలే. డీజిలంత జిడ్డు దానికి లేదు, డీజిలంత సులువుగా అంటుకోదు, ఆవిరికి మంట అందుకునే వేడి కూడా డీజిలు కంటే తక్కువ. ప్రయోగశాలలో కొత్త ఇంజను మీద పరీక్షించి సరేననడం చాలదు. పదేళ్లు అరిగిన మైకో పంపు మీద, తుప్పు డ్రమ్ములోంచి పోసిన ట్రాక్టరు మీద, మిల్లు ముందు మూడు రాత్రులు తడిసిన లారీ మీద కూడా పరీక్షించాలి. ఫలితాలు బయటపెట్టాలి. పంపు పోతే భరించేది ఎవరో కలపడానికి ముందే రాసి వుండాలి. పెట్రోలులో 20 శాతం ఇథనాలు కలిపినప్పుడు ఈ ప్రశ్నకు జవాబు బండ్లవాళ్లు తర్వాత వెతుక్కోవలసి వచ్చింది.

ఆటోనగర్ మిత్రునికి మేము ఒక దారి మాత్రం చెప్పగలిగాం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వ్యాపారం కోసం కొన్నవానిని వినియోగదారునిగా లెక్కించదు. లారీ వ్యాపారానిదే గదా అని వకీళ్లు అక్కడే ఆపేస్తుంటారు. కాని స్వయంవుపాధితో పొట్టపోసుకోవడానికే కొన్నవానిని అదే చట్టం మినహాయించింది. బండి కొని తనే నడుపుకునేవాడు జిల్లా కమిషనుకు పోవచ్చు. పరీక్షిస్తే గాని తేలని లోపమైతే సరుకు నమూనాకు సీలు వేయించి ప్రయోగశాలకు పంపే అధికారం 38వ సెక్షను కింద కమిషనుకు వుంది. పరీక్ష రుసుము ముందు ఫిర్యాదిదారే కట్టాలి. ఫిర్యాదుకు గడువు రెండేళ్లు.

అతను లేచి షాపు లోపలికి పోయి ఒక సీసా తెచ్చి చూపించాడు. ఫిల్టరులోంచి పట్టిన డీజిలు, అడుగున వేలెడు నీళ్లు, ఆ నీళ్లలో మెరుస్తూ ఇనప రజను. బంకు రసీదు వుందా అని అడిగితే చొక్కా జేబులోంచి తీశాడు. అచ్చు సగం చెరిగిపోయి వుంది. అది పూర్తిగా మాయకముందే నకలు తీయించమని, సీసాకు మేస్త్రి ఎదుట లక్క వేసి తేదీ రాసి ఇద్దరు సాక్షుల సంతకాలు పెట్టించమని చెప్పి వచ్చాం.